దండు విడిసిన నేల, మంద విడిసిన నేల

మన యూళ్ల పేర్లకు చివర వచ్చు ‘పాళెము’ అను మాట వినునప్పుడు, అది యొకనాడు సేన విడిసిన చోటని తలచువారు నేడు తక్కువ. పాళెమునకు నాయకుడై దిగినవాడు పాళెగాడయ్యెను. దిగినవాడు లేచిపోక యచటనే కోట కట్టుకొని పన్ను తీయుట కారంభించిన పిమ్మట ఆ మాటకు తాత్కాలికమను నర్థము పోయి పెత్తనమను నర్థము మిగిలినది. ‘దండు’ అన్న సేనకును పేరు, సేన దిగిన చోటునకును పేరు. సికింద్రాబాదును పెద్దలు లష్కరు అనుటయు నిట్టిదే. ఆదోని బజారులో తెలుగు కన్నడములతో పాటు చెవిని బడు ఉర్దూభాష పేరు సైతము, శిబిరమను నర్థము గల తురుష్కపదమునుండి వచ్చినదే. ఇన్ని మాటలు శిబిరమునుండి పుట్టి మన నాలుకపై నిలిచినవన్నచో, ఈ సీమవారు ఎన్ని తరములు పరుల గుడారముల ప్రక్కన కాపురముండిరో యూహింపవచ్చును.

గుడారములను గూర్చి వ్రాసినవారు రాజుల డేరాల వైభవమును, కనాతుల రంగులను, ఏనుగుల సంఖ్యను వర్ణించిరి. ఆ యేనుగులు తిన్న గడ్డి యెవరిది? వంట కాచిన కట్టె యెవరి చెట్టుది? మరునాడు గుడారములు లేచిపోయిన పిమ్మట ఆ పొలములో నేమి మిగిలినది? చరిత్రను ఈ వైపునుండి చదువుటకు ఆదోని ప్రాంతము మిక్కిలి యనువైనది. ఇచట దండులును విడిసినవి, గొఱ్ఱెల మందలును విడిసినవి. రైతు ఆ రెంటిని ఒక్కతీరున చూడలేదు.

మొదట నేలను గూర్చి చెప్పవలెను. ఆదోని పట్టణమునకు వెనుక గుండ్లకొండలు నిలిచియున్నవి. బారాకిల్లా, తాళిబండ, హజారాసిడి మొదలగు నైదు కొండలను కలుపుకొని పాత కోట కట్టబడినది. ఆ కొండలను దాటి ఎమ్మిగనూరు వైపు నడచినను, ఆలూరు వైపు నడచినను నల్లరేగడి భూములు కనుచూపు మేర పఱచుకొనియుండును. ప్రత్తికి ఇంత మంచి నేల లేదు. గుడారమునకు ఇంత చెడ్డ నేల లేదు. వేసవిలో రేగడి నోళ్లు తెఱచి బీటలువాఱును. అప్పుడు దిగగొట్టిన మేకు బీటలో కదలాడుచుండును. వాన పడెనా, ఆ నేల వెన్నవలె మెత్తబడి మేకును జాఱవిడుచును. త్రాళ్లు సడలి నిట్రాడు ప్రక్కకు వ్రాలును. బండి యిరుసు దాక దిగబడును. కావున తెలిసినవాడు రేగడిలో దిగడు. గరుసునేల గల మెరక చూచుకొనును; ఆషాఢపు గాలి పడమటినుండి వీచునని తెలిసి వాకిలి తూర్పునకు పెట్టును; ఎండిన వంక దొరికినచో ఇసుకలో చెలమ త్రవ్వి నీరు ఊరు వఱకు వేచియుండును. ఇవి యే గ్రంథమును నేర్పనివి. కాని ఈ చిన్న సంగతులు తెలియక పెద్ద పెద్ద సేనలు చెడినవి.

మన ప్రాచీనులలో శిబిరనిర్మాణమును శాస్త్రముగా వ్రాసినవాడు కౌటిల్యుడు. మైసూరున శామశాస్త్రిగారు 1909లో అర్థశాస్త్రమును ప్రకటించునంత వఱకు ఆ గ్రంథము పేరే తప్ప రూపు మనకు తెలియదు. అందలి పదియవ యధికరణము స్కంధావారముతోనే మొదలగును. నేలను బట్టి గుండ్రముగనో, కోలగనో, చతురముగనో శిబిరము నేర్పఱుపవలెననియు, దానికి నాలుగు ద్వారములు, ఆఱు మార్గములు, తొమ్మిది భాగము లుండవలెననియు అతడు విధించెను. శిబిరాధికారి సేనకంటె ముందుగా బయలుదేఱి దారిలో నీరు సిద్ధము చేయించవలెనని చెప్పినచోట, వానితో వెళ్లవలసినవారు వడ్రంగులును ‘విష్టి’యును అని వ్రాసినాడు. విష్టి యనగా కూలి లేని పని. మన ‘వెట్టి’ యా మాటకు వికృతియే. గుడారమును వెట్టియు ఒకే శ్లోకములో చేరియుండుట చూచితిరా! ఇరువదియవ శతాబ్ది వఱకు ఆ రెండును విడిపోలేదు.

శాస్త్రమునుండి దేశమునకు వత్తము. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరుపై దండెత్తినప్పటి విడిదిని నూనిజ్ అను పోర్చుగీసువాడు వర్ణించెను. విజయనగరమునుండి రాయచూరునకు పోవు సేన మన పొరుగు నేలనే త్రొక్కవలెను. రాయల డేరా చుట్టును ముళ్లకంప పెట్టి ఒక్కటే వాకిలి యుంచిరట. దారి పొడవునను నీటి తిత్తులతో పండ్రెండువేల మందిని నిలిపిరట. అంగళ్లలో నగలు, రత్నములు సైతము దొరకుచుండెనట. అది యుద్ధమని తెలియనివాడు చూచినచో సంపన్నమైన పట్టణమనుకొనునని అతని మాట. ఆ సంఖ్యలలో కొంత యతిశయోక్తి యుండవచ్చును. విదేశి యాత్రికులకు అది యలవాటు. కాని అదే చోట అతడు మఱియొక సంగతి నెత్తినాడు. ముప్పదిరెండువేలకు పైబడిన గుఱ్ఱములకు, 551 ఏనుగులకు, సామగ్రి మోయు ఎద్దులకు, గాడిదలకు దినమునకు ఎంత గడ్డి, ఎంత చొప్ప కావలెనో యూహింపుడని చదువరినే యడిగినాడు. రాయల గుడారమును చూచి యబ్బురపడినవాడే గడ్డిమాట తలచుట మెచ్చదగినది. జవాబు మాత్రము వ్రాయలేదు. ఆ చొప్ప జొన్నచేలలోనిదని వేఱుగ చెప్పవలెనా?

మొగలుల శిబిరము ఇంతకు మించినది. ఒక డేరాలసమూహములో పాదుషా పండుకొనియుండగనే రెండవ సమూహమును ముందు మజిలీలో పాతియుంచుటకు తీసికొనిపోవుచుండిరి. దానికి పేష్‌ఖానా అని పేరు. ఆదోని కోట 1688లో సిద్దీ మసూద్‌ఖానుని చేతినుండి ఔరంగజేబు సేనానియగు ఫిరోజుజంగు వశమై ఇంతియాజ్‌గఢ్ అను పేరు తాల్చినది. ఈ మసూద్‌ఖానుడే 1662లో ఆదోని జామియా మసీదును కట్టించినవాడు. మంచాల గ్రామమును రాఘవేంద్రస్వామివారి కిచ్చినవాడు. కోట పోయిన కొన్ని యేండ్లకు, 1695లో, జెమెల్లీ కరేరీ యను ఇటలీదేశీయుడు కృష్ణాతీరమున గల్గలీ యొద్ద పాదుషా విడిదిని చూచెను. దాని చుట్టుకొలత ముప్పది మైళ్లనియు, అందు అయిదు లక్షల జనముండిరనియు, రెండువందల యేబది బజారులు కలవనియు వ్రాసికొనెను. పాదుషా దక్షిణమున కదలాడుచు గడపిన కాలము ఇరువదియైదేండ్లు. అంత పట్టణము ఇరువదియైదేండ్లు చేలమీద దొరలాడినచో దక్కను రైతు పొలమున ఏమి మిగులును?

1786లో టిప్పుసుల్తాను ఆదోనిని ముట్టడించెను. కోటలో బసాలత్‌జంగు కుమారుడు మహాబత్‌జంగు కుటుంబముతో నుండెను. నిజాము, మహారాష్ట్రుల సేనలు సహాయమునకు వచ్చినవి; కాని వానకాలము తలమీదికి వచ్చినది. తుంగభద్ర పొంగినచో సేన యీవలనే చిక్కి, తిండి లేక నశించునని నాయకులు గ్రహించి, కోటలోని స్త్రీజనమును వెంటబెట్టుకొని నది దాటిపోయిరి. టిప్పు కోటను పట్టుకొని పడగొట్టించెను. చదువరులు ఇందు శౌర్యమునకై వెదకుదురు. ఆదోని భవితవ్యమును నిర్ణయించినది ఏటి నీటిమట్టము.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు వచ్చిన గుడారము వేఱు విధమైనది. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో మొదటి నాలుగేండ్లు ఇల్లన్నది యెఱుగక డేరాలోనే కాపురముండెనని అతని జీవితచరిత్ర వ్రాసిన గ్లైగు చెప్పుచున్నాడు. తెల్లవాఱగనే లేచి టోపీ లేని తలతో డేరా ముందు పచారు చేయుచు, వచ్చిన రైతులతో ఏడుగంటల వఱకు మాటలాడుచుండెనట. ఏడింటికి ఫలహారము, పిమ్మట కచ్చేరి. ఆ డేరాలలోనే పొలము పొలము కొలిపించి శిస్తు నిర్ణయించెను. ఆ డేరాలనుండియే యెనుబదిమంది పాళెగాండ్ర నడగించెను. పాత పాళెమును క్రొత్త పాళెము తొలగించినదన్నను తప్పులేదు. మంత్రాలయమున మన్రో రాఘవేంద్రస్వామివారితో మాటలాడెనను కథ నేటికిని చెప్పుకొందురు. దాని సత్యాసత్యముల తర్కమునకు ఇది చోటు కాదు. తెల్లదొర నొకనిని గూర్చి యట్టి కథ పుట్టుటకు, అతడు బంగళాలో దాగక ఊరి వెలుపల చింతచెట్టు క్రింద నలుగురికి కనబడుచుండుటయే కారణమని నా తలంపు. బళ్లారి, కడప మండలములలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్న కుటుంబములు కలవు.

అయినను మన్రో మరణమును చూడవలెను. 1807లో సీమకు పోయినవాడు 1820లో మద్రాసు గవర్నరై తిరిగివచ్చెను. 1827 వేసవిలో ఉద్యోగము విడిచి స్వదేశము పోవుటకు ముందు, తన పాత దత్తమండలములను కడసారి చూడగోరి బయలుదేఱెను. ఇప్పుడతడు ఏకాకి కలెక్టరు కాడు; గవర్నరు. గవర్నరు శిబిరమన్న సిపాయీలు, బండ్లు, వంటవారు, గుఱ్ఱములు, వెంట బజారు. దారిలో విశూచి యా శిబిరమును పట్టుకొనెను. గుత్తి దాటి జూలై 6వ తేదీన పత్తికొండలో విడిసిరి. ఆ యుదయమున మన్రోకు వ్యాధి తగిలి రాత్రికి ప్రాణము పోయినది. గుత్తిలో పాతిపెట్టిరి, కొన్నియేండ్లకు 1831లో అస్థులను మద్రాసు కోటలోని దేవాలయమునకు కొనిపోయిరి. పత్తికొండలో అతని జ్ఞాపకార్థము తోపు నాటించి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి.

జ్ఞాపకచిహ్నముగా బావిని త్రవ్వించుట యొక విచిత్రమైన న్యాయము. విశూచి నీటినుండి సోకునని అప్పటికి ఏ వైద్యుడును ఎఱుగడు. లండనులో జాన్ స్నో ఆ సంగతి నిరూపించినది 1854లో. కాక్ పండితుడు కలకత్తాలో ఆ క్రిమిని స్థిరపఱచినది 1884లో. మన్రో మరణమునకు పదియేండ్లకు ముందే, 1817లో, బుందేల్‌ఖండములో హేస్టింగ్సు ప్రభువు సేనను ఇదే వ్యాధి వేలకొలది చంపినది. పెద్ద దండు దిగినచోట మలమునకు వేఱు తావు లేదు; త్రాగు కుంటయు అదియే, గుఱ్ఱములను కడుగు కుంటయు అదియే. శిబిరము ముందునకు సాగి పోవును; కుంట మాత్రము ఆ యూరివారికి మిగులును. దొర మరణము గ్రంథముల కెక్కినది. దండు దాటిన పిమ్మట అదే నీరు త్రాగిన పల్లెల లెక్క ఎవరును వ్రాయలేదు.

మన్రో పోయినను డేరా పోలేదు. జమాబందీకి యేటేట కలెక్టరు, తహసీలుదారు గ్రామములపై విడిదికి వచ్చుచునే యుండిరి. వారికి కావలసిన గడ్డి, కట్టె, కుండలు, పాలు, కోళ్లు, బండ్లు సమకూర్చుటకు ‘సరబరా’ యని పేరు. చట్టము ప్రకారము దేనికైనను వెల కలదు. అధికారి యిచ్చిన వెల మున్సబు దాక వచ్చుట కలదు. రైతు దాక వచ్చుట యెపుడో గాని లేదు. గ్రామసేవకులలో ‘వెట్టి’ యన్నది యొకని కొలువు పేరే యగుట ఈ పద్ధతి యెంత వేరూనినదో తెలుపును. తుంగభద్ర కావలియొడ్డున నిజాము రాష్ట్రములో సంగతి యింకను ఘోరము. అచట అధికారి డేరా దిగిన దినమున చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ తమ పనులు విడిచి యూరి చావడి ముందు నిలువవలసినదే. మాడపాటి హనుమంతరావుగారును ఆంధ్రజనసంఘమువారును ఈ వెట్టిపై కలము పట్టిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను కూడిన ఆంధ్రమహాసభనుండి ఆ పోరు బహిరంగమైనది. గుడారము క్రింద కూర్చున్నవాడు మంచివాడైనను చెడ్డవాడైనను, గుడారమును మోసినవానికి కూలి ముట్టినదా యను ప్రశ్నను మొదట గట్టిగా నడిగినవారు వీరు.

దండుతో పాటు నడచినవారిలో దండువారు కానివారొకరు కలరు. లంబాడీలు, ఎఱుకలవారు. లంబాడీలు పెరికెద్దులపై ధాన్యము వేసికొని, సముద్రతీరమునుండి ఉప్పు తెచ్చి, దేశమంతయు తిరుగుచుండిరి. 1791-92లో కారన్‌వాలిసు సేన శ్రీరంగపట్టణముపై నడచినప్పుడు తిండి పెట్టినది వీరి యెద్దులే. వీరి విడిదికి గుడ్డడేరా యక్కఱలేదు. సాయంకాలమున పెరికెలు దింపి, ఒకదానిపై నొకటి పేర్చి గోడ కట్టుదురు. గోడకు లోపల స్త్రీలు, పిల్లలు, పొయ్యి. వెలుపల కట్టివేసిన యెద్దులు, వాని చుట్టును కుక్కలు. తెల్లవాఱుసరికి గోడ మరల బరువై యెద్దుల వీపున కెక్కును. సరకే గోడ, గోడయే సరకు. ఇంతకంటె తేలికయైన గృహనిర్మాణము నే నెచ్చటను చదువలేదు.

1871లో మద్రాసునుండి వచ్చు ఇనుపదారి ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసెను. వేయి పెరికెద్దులు నెలదినములు మోయు ధాన్యమును ఒక్క బండి రెండుదినములలో చేర్చసాగెను. వృత్తి పోయినది. అదే 1871లో ఉత్తరదేశమున నేరస్థజాతుల చట్టము పుట్టినది. 1911లో మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. తిరుగాడువాడు దొంగ యని ఆ చట్టము భావము. ఎఱుకల కుటుంబములు రాత్రివేళ హాజరు పలుకవలసివచ్చెను. ఊరు కదలవలెనన్న చీటీ కావలెను. కొందఱిని స్టూవర్టుపురము వంటి సెటిల్మెంట్లలో నుంచిరి. చట్టము 1952 ఆగస్టు 31న రద్దయినది. ఆదోనిలో కచ్చేరి డేరా పాతించిన ప్రభుత్వమే ఊరి వెలుపల ఈతచాపల గుడిసె వేసికొన్నవానిని నేరస్థుడనెను. ఇద్దఱును ఒక్కచోట నిలువక తిరుగువారే! ఒకని తిరుగుటకు ‘క్యాంపు’ అని పేరు, భత్యము కలదు. ఒకని తిరుగుటకు హాజరుపట్టీ కలదు.

ఇక మందల సంగతి. దీనిని గూర్చి కొంత తీఱికగా చెప్పవలెను. పుస్తకములలో చోటు దొరకని విద్య యిది.

పడమటి కర్నూలు, బళ్లారి, అనంతపుర ప్రాంతముల కురుబలు గొఱ్ఱెలను మేపుట, ఉన్నితో గొంగళ్లు నేయుట తరతరములుగా చేయుచున్నారు. కోతలైన పిమ్మట తమ యూరిచుట్టు మేత తఱుగగానే నలుగురైదుగురి గొఱ్ఱెలను కలిపి మందగా తోలుకొని, నీరున్న వైపునకు బయలుదేఱుదురు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ క్రింది పొలములు వీరికి క్రొత్త మేతబీడులైనవి. కాపరి వెంట కొనిపోవు సామగ్రిని చూచినచో మొగలు పాదుషా పేష్‌ఖానా నవ్వు పుట్టించును. గొంగడి యొకటి. కఱ్ఱ యొకటి. కొమ్మలు దించుటకు పొడుగు గడకు కట్టిన కొడవలి. నీటికి మునుపు సొరకాయబుఱ్ఱ, ఇప్పుడు ప్లాస్టిక్ సీసా. నిప్పునకు మునుపు చెకుముకిరాయి, దూది, ఇప్పుడు అగ్గిపెట్టె. మూటలో జొన్నరొట్టెలు, కారపుపొడి. కుక్కలు తమ సామానును తామే మోసికొందును.

వీనిలో గొంగడి ముఖ్యము. దక్కను నల్లగొఱ్ఱె ఉన్ని ముతుక, ఒంటికి గుచ్చుకొనును. నేయుటకు ముందు పడుగునకు చింతగింజల గంజి పట్టింతురు. ఆ గంజి వలన దారము బిగిసి, నేత దట్టమై, వానచినుకు లోపలికి దిగక ప్రక్కకు జాఱిపోవును. ఒక మూలను లోనికి మడచి తలపై వేసికొన్నచో అదియే గొడుగు, నేలపై పఱచినచో చాప, రెండు కఱ్ఱలపై వంచి కట్టినచో గుడారము, చలిలో కప్పు. తడిసినను ఉన్ని వెచ్చదనము నంతగా పోగొట్టుకొనదు. నూలుబట్టకు ఆ గుణము లేదు. ఆదోనిలో నేయు నూలు తివాచీలు పేరుపొందినవే, దొరల డేరాలలో పఱచుటకు తగినవే. ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన నేతపనివారి సహకారసంఘము నూలునేతకు దేశమున గౌరవము తెచ్చినది. కాని వానలో పొలములో పండుకొనవలసినవానికి మాత్రము గొంగడి తప్ప గతి లేదు.

సాయంకాలమగుసరికి కాపరి రైతుతో ముందే మాటాడుకొన్న చేనికి మంద చేరును. తడికలతోనో ముళ్లకంపతోనో దొడ్డి కట్టుదురు. పసిపిల్లలను గంపల క్రింద మూయుదురు. ఈ రేగడి మైదానములలో తోడేళ్లు నేటికిని కలవు. కావున కుక్కలు గాలి వచ్చు వైపున గాక పోవు వైపున పండుకొనునట్లు, మంట చిన్నదిగా తెల్లవాఱు వఱకు ఆఱకుండునట్లు చూచుకొందురు. కాపరి నిద్ర విచిత్రమైనది. గొఱ్ఱెలు నెమరు వేయుచున్నంతసేపు నిద్రించును. ఆ చప్పుడు ఆగినచో మేల్కొనును. మనము చప్పుడునకు లేతుము, అతడు నిశ్శబ్దమునకు లేచును. మరునాడు దొడ్డిని అదే చేనిలో కొన్ని గజములు జరుపుదురు. చేనంతయు ఎరువు సమముగా పడవలెనను లెక్క యది. మంద పండుకొన్న నేల తడిసి రోగము పుట్టక ముందే జాగా మార్చుటయు నందులోనే యున్నది. గవర్నరు శిబిరమునకు తెలియని ఆరోగ్యసూత్రము గొఱ్ఱెలకాపరి వాడుకలో నుండినది.

మంద నిలిపినందుకు రైతు కాపరికి ధాన్యమో, రొక్కమో యిచ్చును. ఆ రాత్రికి భోజనము పెట్టును. పెంటయు మూత్రమును కలిసి ఆ నేలకు పట్టిన సత్తువ రెండు పంటల వఱకు తెలియునని రైతులందురు. కొన్నిచోట్ల మందకై రైతులు వంతులు వేసికొందురు. ముందు నా చేను, ముందు నా చేనని తగవు లాడుదురు. ఇచటనే నా కథకు కీలు కలదు. దండు వచ్చుచున్నదని విన్న పల్లె ఎద్దులను అడవికి తోలి, గింజలను పాతఱలో దాచి, తలుపులు మూసికొని పరుగెత్తినది. మంద వచ్చుచున్నదని విన్న పల్లె ఎదురేగి పిలిచినది. రెండును తిరుగాడు జనమే, రెండును ఒక్క రాత్రి విడిదియే, రెంటికిని గడ్డియు నీరును కావలసినదే. ఒకటి తిన్నదానిని ఆ నేలకే మరల నిచ్చినది.

నేటి బడిపిల్లలకు ఆరుబయట బ్రతుకు నేర్పుటకు స్కౌటు ఉద్యమము కలదు. బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపమున ఇరువదిమంది బాలురతో మొదటి శిబిరము నడపెను. మద్రాసున అనీ బెసెంటుగారు భారతీయ బాలురకై 1917లో సంఘము నేర్పఱచిరి. ముడులు వేయుట, దిక్కు తెలిసికొనుట, నిప్పు రాజేయుట, జాడ తీయుట యను పాఠములు మంచివే. నేనును పిల్లలచే చేయించుచుందును. కురుబపిల్లవాడు పదియేండ్లకే యెఱిగియున్న యీ విద్యలకు మేము పతకము లిచ్చుచున్నాము. వాడు బడిలో చేరినచో మాత్రము వెనుకబెంచీలో కూర్చుండబెట్టి, ఏమియు తెలియనివాడని హాజరుపట్టీలో వ్రాయుచున్నాము. ఇది యుపాధ్యాయు లందఱును ఆలోచింపదగినది. నేనిప్పుడు దానిని విడిచి కడపటి విడిదికి పోవుదును.

కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు, ఆలూరు ప్రాంతముల పల్లెలనుండి యేటేట దసరా దాటిన పిమ్మట జనము వలస పోవుచున్నది. వాన మీద నాధారపడిన యొక్క పంట చేతికి వచ్చినను రాకున్నను, ఆ పిమ్మట ఈ సీమలో కూలి లేదు. గుంటూరు వైపు ప్రత్తి తీయుటకు, మిరపకాయ కోయుటకు కొందఱు. బెంగుళూరు నగరమున ఇండ్లు కట్టుటకు కొందఱు. 1871లో వేసిన యినుపదారి మీదనే, పెరికెద్దుల వృత్తిని మ్రింగిన యా దారి మీదనే, కోసిగి స్టేషనులో మూటలతో రైలెక్కుదురు. లారీలలో పోవువారును కలరు. ఉగాది దాక తిరిగి రారు. ముసలివారు ఊరిలో తలుపు కాచుకొనియుందురు. పిల్లలలో కొందఱిని బడి యొద్ద నిలుపుటకు ప్రభుత్వము ఋతువసతి గృహములు తెఱచుచున్నది; చంటిబిడ్డను ఎత్తుకొనుటకు అక్క కావలెను గనుక ఆడుపిల్లలను తల్లులు వెంటనే తీసికొనిపోవుదురు. కార్తికము వచ్చుసరికి తరగతిలో పేళ్లు పిలిచినప్పుడు పలుకని పేళ్లు వరుసగా వచ్చును.

వారి విడిది మిరపచేని గట్టున నుండును. పాతిన నాలుగు కఱ్ఱలు, వానిపై పట్ట. మూడు రాళ్ల పొయ్యి. ప్రక్కన కాలువనీరు నింపిన బిందెలు. రాత్రివేళ పాము భయము, తెల్లవాఱుజామున మంచు. స్త్రీలకు చాటు లేదు. కోసిన కాయకు తూకము వేసి కూలి యిత్తురు. కాయ దిగువఱకు ఆ విడిది, దిగిన పిమ్మట మఱియొక చేను, మఱియొక గట్టు. ఈ దండు ఎవరి చొప్పయు మేయదు. ఎవరి కోడిని అడుగదు. చేనిలో పంటను యజమాని యింటికి చేర్చి పోవును. మంద నిలిపిన రైతు కాపరికి రాత్రిభోజనము పెట్టునని చెప్పితిని గదా. ఈ కూలివారు బియ్యము, జొన్నపిండి సైతము ఇంటినుండియే మూట గట్టుకొని పోవుదురు. పట్టయు వారు సొంతముగా కొన్నదే. ఆదోని బజారులో దసరా నాళ్లలో టార్పాలిన్ బేరము చూచినచో తెలియును. మూలలకు కన్నములు గట్టిగా నున్నవో లేవో వేలితో లాగి చూచి, ఎండకు ఎత్తి పట్టి చిల్లులు వెదకి, నీలిరంగుదా నల్లరంగుదా యని భార్యాభర్తలు తర్కించుకొని కొందురు. దానిని పాతుటకు కఱ్ఱలు మాత్రము తీసికొనిపోరు. రైలులో మోయనీయరు గనుక, వాటిని అక్కడి రైతు నడిగి తెచ్చుకొందురు.